మద్రాసులో పుట్టిన నాలుగు తలుపుల బండి

ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకి పానగల్ పార్కు చుట్టూ రోడ్లు ఖాళీగా దొరుకుతాయి. ఇంకో నాలుగు గంటలు ఆగితే ఉస్మాన్ రోడ్డు మీద పట్టుచీరల బేరానికి వచ్చే జనంలో సైకిలు కూడా ముందుకు పోదు. అందుకే మా నాన్న కొన్న స్టాండర్డ్ హెరాల్డుని ఆ వేళకే బయటికి తీస్తాను. చోక్ లాగి, ఇంజన్ నిదానించేదాకా ఆగి, బజుల్లా రోడ్డు మీదుగా ఒక చుట్టు. ఇరుకు సందులో మళ్లించాల్సి వచ్చినా బెంగ లేదు. 25 అడుగుల వెడల్పు ఉంటే చాలు, ఒక్క తిప్పుకే మళ్లుతుంది. లండన్ టాక్సీకి ఎంత చోటు కావాలో దీనికీ అంతే.

"ఇంగ్లీషు కారా?" అని అడుగుతుంటారు. సగమే నిజం. ట్రయంఫ్ హెరాల్డు 1959లో ఇంగ్లండులో వచ్చింది. దాని రూపం గీసినవాడు ఇటలీలోని ట్యూరిన్‌ వాసి మికెలొట్టి. 1961 నుంచి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ దాన్ని మద్రాసు శివార్లలో, జీఎస్టీ రోడ్డు మీద పెరుంగళత్తూరు దగ్గర తయారుచేసింది. మొదట రెండే తలుపులు. అమ్మమ్మని వెనక సీటుకి చేర్చాలంటే ముందు సీటు మడిచి, ఆవిణ్ణి వంగమని బతిమాలాలి. 1960ల చివరికి మార్క్ 3 పేరుతో నాలుగు తలుపుల హెరాల్డు వచ్చింది. అది ఇంగ్లండులో ఎన్నడూ తయారు కాలేదు. మద్రాసులోనే పుట్టింది. తరవాత 1972లో గెజెల్, 1985లో రోవర్ ఒళ్లు తొడుక్కున్న స్టాండర్డ్ 2000 వచ్చాయి. 1980ల చివరికి ఫ్యాక్టరీ మూతపడింది.

ఈ నాలుగు తలుపుల సంగతి పాత బండ్లు బాగుచేసేవాళ్లకి ఎందుకంత ముఖ్యమో చెప్తాను. హెరాల్డు బుష్షులు, గ్యాస్కెట్లు, రబ్బరు బీడింగులు ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. వెనక తలుపు మాత్రం దొరకదు. అక్కడ లేని తలుపుకి రేకు ఎవరు అచ్చు వేస్తారు? పుదుపేటలో పాత బండ్ల సామాను గుట్టల్లో వెతకాలి, లేదంటే టింకరు చేత కొట్టించాలి. మా బండి ఎడమ వెనక తలుపు అలా కొట్టించిందే.

హెరాల్డుని వీధి షెడ్డులో విప్పి బిగించగలగడానికి ఒక పాత చిక్కు కారణం. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డుని తయారుచేసిన స్టాండర్డ్ కంపెనీకి బాడీలు చేసిచ్చే సంస్థని 1953లో పోటీ కంపెనీ బీఎంసీ కొనేసుకుంది. అందరూ ఛాసీ, బాడీ ఒకే ముక్కగా చేస్తున్న రోజుల్లో, వీళ్లు వేరే ఛాసీ మీద, తలో చోట చేయించిన రేకు భాగాలని బోల్టులతో బిగించాల్సి వచ్చింది. అప్పుడది లోటు. ఇప్పుడు అదే మాకు వరం. రెండు పక్కలా గొళ్లాలు తీస్తే బానెట్టు, రెండు మడ్‌గార్డులు కలిసి ముందుకి ఒరిగిపోతాయి. ముందు టైరు మీద కూర్చుని 948 సీసీ ఇంజన్‌ పని చేసుకోవచ్చు.

బోల్టులున్న ప్రతిచోటా అతుకుంది, అతుకున్న ప్రతిచోటా వాన నీరు దిగుతుంది. పైగా సముద్రపు గాలి. తుప్పు ముందు పట్టుకునేది ఛాసీ నుంచి పక్కలకి చాచిన చేతుల్ని. పాత హెరాల్డు కొనబోయేవాళ్లు పెయింటు మెరుపు చూసి మోసపోకుండా జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లాలి. రేకుకి అంటుకోకపోతే అక్కడున్నది పుట్టీ. ఒక షెడ్డులో మా బండికి తుప్పు మీదే అంగుళం మందాన పుట్టీ మెత్తి, పైన డ్యూకో కొట్టి ఇచ్చారు. రెండు వానాకాలాలకి పెచ్చులూడాయి. మా నాన్న ఆ పెచ్చుల్ని చేత్తో ఏరడం నాకింకా గుర్తే.

మంచి టింకరు పని వేరు. తుప్పు పట్టినంత మేర కోసేసి, కొత్త రేకు అతికి, వెల్డింగు వేడికి రేకు వంకర పోకుండా ఒక చోట ఒక చుక్క, ఆరాక ఇంకోచోట ఒక చుక్క వేస్తాడు. తరవాత లోపల ఇనుప దిమ్మె ఆనించి బయటినుంచి సుత్తితో పొడుస్తాడు. కళ్లతో కాదు, అరచేతితో చూస్తాడు. మా మేస్త్రీ రేకు మీద పాత బనీను గుడ్డ వేసి దాని మీదుగా చెయ్యి జరుపుతాడు. "ఉత్త చెయ్యి అబద్ధం చెప్తది సార్, గుడ్డ చెప్పదు" అంటాడు. నిజమే, నేను చూసుకున్నాను.

మెకానిక్కులూ పొరపడే చోటు ముందు చక్రం దగ్గరుంది. చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కింది కొన మరలతో ఒక కంచు దిమ్మెలో తిరుగుతుంది. పేరు ట్రన్నియన్. కనబడగానే గ్రీజు గన్ను పెట్టేస్తారు. గ్రీజు లోపల గట్టిపడి దారి మూసేస్తుంది, మరలు ఎండిపోతాయి, చివరికి కడ్డీ విరిగి చక్రం లోపలికి మడుచుకుపోతుంది. అక్కడ గేర్ ఆయిలే పోయాలి. స్పానర్లు కూడా అంగుళాల కొలతవి కావాలి. మిల్లీమీటర్లవి పెడితే నట్టు మూలలు అరిగిపోతాయి. వైరింగుకి రంగులే భాష: ఎప్పుడూ కరెంటుండే వైరు గోధుమరంగు, తాళం తిప్పితే వచ్చేది తెలుపు, ఫ్యూజు దాటినది పచ్చ, ఎర్తు నలుపు. తోచిన రంగు వైరు లాగితే తరవాతివాడు ఆ బండిని చదవలేడు.

మరి మార్పులు చెయ్యొచ్చా? షోలవరం పాత రన్‌వే మీద రేసులు జరిగిన రోజుల్లో, హెడ్డు గీయించి కంప్రెషన్ పెంచిన హెరాల్డులూ పరుగెత్తాయి. మార్చడం కూడా మద్రాసు విద్యే. అయితే తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయడానికి 2021లో వచ్చిన నిబంధనలు కూడా ఛాసీ, బాడీ, ఇంజన్ మారకూడదంటాయి. అలా రిజిస్టరైతే నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి, రోజువారీ తిరుగుడు కుదరదు. నా మట్టుకు నేను ఒక గీత గీసుకున్నాను. విప్పితే మళ్లీ పాతది బిగించగలిగే మార్పే చేస్తాను. డైనమో బదులు ఆల్టర్నేటర్, చెన్నై ఎండకి రేడియేటరు ముందు కరెంటు ఫ్యాను, హెడ్‌లైట్లకి రిలేలు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరుని తినేస్తుంది కాబట్టి కొత్త రకం గొట్టాలు. విప్పిన డైనమో గుడ్డలో చుట్టి అటక మీద ఉంది. జపాన్ ఇంజన్ కోసం ఛాసీ కోసేవాళ్లని చూస్తే మాత్రం నాకు కడుపు తరుక్కుపోతుంది. కోసిన ఛాసీని ఎవరూ వెనక్కి తేలేరు.

కిందటి నెల మేస్త్రీ మా ఇంటి మీదుగా వెళ్తూ ఆగాడు. ఆయనకిప్పుడు చూపు తగ్గింది. బండి చుట్టూ తిరగలేదు, తిన్నగా ఎడమ వెనక తలుపు దగ్గరికి వెళ్లి తెరిచాడు, వేశాడు. మళ్లీ తెరిచి, తల వంచి, నెమ్మదిగా వేశాడు.

"కీలు కింద ఒక వాషరు ఎక్కువుంది సార్," అన్నాడు. "స్పానరు ఉందా?"