గాజు పలక మీద నంబరు, ఫోన్ ఫొటోలో తేదీ

శంషాబాద్ పక్కన అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడికి భక్తులతో పాటు కెమెరాలూ వస్తుంటాయి. సినిమాల్లో చాలాసార్లు కనిపించిన ఆ గోపురం ముందు ఇప్పుడు కాబోయే జంటలు నిలబడి ఫొటోలు దిగుతున్నాయి. కాస్త దూరంలో శ్రీశైలం రోడ్డు, ఔటర్ రింగు రోడ్డు కలిసేచోట తుక్కుగూడ. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల రూపురేఖలే మారిపోయాయి. అంతకుముందు ఊరు ఎలా ఉండేదో చెప్పగలిగేవి బీరువాల్లోని ఆల్బములు, మూలన పడేసిన పాత ఫోన్లు. వాటిలోని బొమ్మలను బాగుచేసి, దాచి, అడిగినప్పుడు తీసి చూపించడానికి కావలసిన పనిముట్లు ఇవాళ చాలావరకు ఉచితంగానే దొరుకుతున్నాయి.

ఈ పనితనం హైదరాబాద్‌కు కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. ఆయన ప్రింట్ల మీద చాలాచోట్ల నంబరు, చోటి పేరు కనిపిస్తాయి. గాజు నెగెటివ్ మీదే రాసిపెట్టడం వల్ల తీసిన ప్రతి ప్రింటులోనూ అవి వచ్చేవి. ఆ స్టూడియో గాజు పలకలు 2,857 వరకు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. ఒక్కో బొమ్మ ఏ కోటదో, ఏ దర్బారుదో ఇవాళ్టి పరిశోధకులకు చాలాసార్లు అంచుమీది ఆ రాతే చెబుతుంది.

స్టూడియోల రెండో విద్య టచింగ్. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో నెగెటివ్ మీద ముఖపు మచ్చలు సరిచేసేవారు. నలుపు తెలుపు ప్రింటుకు బ్రష్షుతో రంగులు అద్దేవారు. 1990లో ఫొటోషాప్ వచ్చాక ఆ చేతిపని మౌస్‌కు మారింది. మన పెళ్లిళ్ల కరిజ్మా ఆల్బం ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది. 12×36 అంగుళాల షీటు, అంగుళానికి 300 చుక్కలు అంటే 3,600×10,800 పిక్సెల్స్.

ఈ లెక్క ఇంట్లోవాళ్లకూ తెలిసుండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో తరచూ 1,600 పిక్సెల్స్ దగ్గరికి కుదించుకుపోతుంది. ఆల్బంలో అది అయిదంగుళాలు దాటితే మసకబారుతుంది. పైగా తీసిన తేదీ, కెమెరా వివరాలు కూడా ఊడిపోతాయి. అందుకే స్టూడియోకు గానీ, అమెరికాలో ఉన్న అమ్మాయికి గానీ పంపేటప్పుడు ఫొటోను ‘డాక్యుమెంట్’గా పంపాలి. అసలు ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది.

దిద్దుబాటుకు ఫోన్‌లో గూగుల్ వారి స్నాప్‌సీడ్ చాలు. గోపురం కింద నిలబడి ఫోన్ పైకెత్తితే బొమ్మలో గోపురం వెనక్కి వాలినట్టు వస్తుంది. ‘పర్‌స్పెక్టివ్’లో వేలిని కిందికీ పైకీ జరిపితే అది నిటారుగా లేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో తెల్ల పంచె మెరిసిపోయి, ముఖం నల్లబడుతుంది. అప్పుడు మొత్తం వెలుగు పెంచకూడదు. ‘సెలెక్టివ్’తో ముఖం మీద చుక్క పెట్టి అక్కడ మాత్రమే పెంచాలి. కంప్యూటర్‌లో అయితే బ్రౌజర్‌లోనే నడిచే ఫొటోపీ ఉంది. స్టూడియోవాళ్లు ఇచ్చే పీఎస్‌డీ ఫైళ్లను అది తెరుస్తుంది. ఉద్యోగ దరఖాస్తు ఫొటో 50 కేబీ దాటకూడదంటే అలాగే బ్రౌజర్‌లో నడిచే స్క్వూష్‌లో వేసి, పక్కపక్కనే తేడా చూసుకుంటూ తగ్గించుకోవచ్చు. ఈ రెండింటిలోనూ ఫొటో మన కంప్యూటర్ దాటి వెళ్లదు. వెనకాలది తీసేసే రిమూవ్ డాట్ బీజీ లాంటివి మాత్రం బొమ్మను తమ సర్వర్‌కు పంపించుకుంటాయి. ఆధార్ కార్డులు, పిల్లల ఫొటోలు అలాంటి చోట్ల వేయకపోవడమే మంచిది.

పాత ప్రింట్ల సంగతి వేరు. అమ్మమ్మ పెళ్లి ఫొటోను ఆల్బం ప్లాస్టిక్ మీదుగా, ట్యూబ్‌లైట్ కింద తీస్తే మెరుపు చారలే మిగులుతాయి. ప్రింటును అతుక్కోకపోతేనే బయటికి తీసి, కిటికీ పక్క నీడపట్టున పరిచి, ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను దానికి సమాంతరంగా పట్టుకోవాలి. గూగుల్ ఫొటోస్కాన్ నాలుగు మూలల నుంచి తీసిన బొమ్మలను కలిపి మెరుపు తగ్గిస్తుంది. స్కానర్ దొరికితే 600 డీపీఐ పెట్టుకోవాలి. గీతలు, మరకలు స్నాప్‌సీడ్‌లోని ‘హీలింగ్’తో పోతాయి. చిరిగిన ముఖాన్ని ఏఐ చేత పూరింపజేస్తే మాత్రం అక్కడ అమ్మమ్మ ముఖానికి బదులు ఎవరిదో నున్నటి ముఖం రావచ్చు. అందుకే దిద్దనిది ఒకటి, దిద్దినది ఒకటి విడివిడిగా దాచాలి.

దాచేటప్పుడు పేరు ముఖ్యం. ఐఎంజీ_4471 అన్న ఫైలు పదేళ్లకు ఎవరికీ ఏమీ చెప్పదు. ‘2009-05-మంఖాల్-పెళ్లి’ అని మారిస్తే వెతకగానే దొరుకుతుంది. స్టూడియోల్లో అలవాటైన అనూ ఫాంట్లతో ఇక్కడ చిక్కుంది. వాటిలో కొట్టిన తెలుగును వేరేచోట అతికిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి, వెతుకులాటలో అందవు. యూనికోడ్‌లో టైపు చేస్తే ఆ గొడవ ఉండదు. రామభద్ర, మండలి, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

తేదీ, కెమెరా, జీపీఎస్ అన్నీ ఎగ్జిఫ్ అనే వివరాల పట్టీలో ఫొటో లోపలే ఉంటాయి. ఫోన్‌లో లొకేషన్ వేసి ఇంటి ముంగిట తీసిన ఫొటోను అసలు ఫైలుగా పంపితే ఇంటి చిరునామా పంపినట్టే. కొత్తవాళ్లకు పంపేముందు ఆ లొకేషన్ వివరాన్ని తీసేయాలి.

అదే జీపీఎస్ వికీమీడియా కామన్స్‌లో వరం. 2004 నుంచి నడుస్తున్న ఈ భాండాగారంలోకి చెరువు, చౌరస్తా, గుడి ఫొటో ఎక్కిస్తే ఎగ్జిఫ్ నుంచి చోటును అదే పట్టుకుంటుంది. తెలుగు వికీపీడియాలో ఊరి పేజీకి ఆ బొమ్మ వాడుకోవచ్చు. అయితే అక్కడ పెట్టిన ఫొటోను ఎవరైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చని ఒప్పుకున్నట్టే. కాబట్టి సొంతంగా తీసినవే పెట్టాలి. డబ్బిచ్చి తీయించుకున్న పెళ్లి ఫొటోల హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, మన కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తీయించుకున్నవారిదే. అయినా వాటిని బయట పెట్టేముందు అందులో ఉన్నవాళ్లను ఒక మాట అడగాలి.