మధురవాణి: విమర్శలోని 'అయినా'

'వేశ్య అయినా ఉదాత్తురాలు' అని మధురవాణిని మెచ్చుకొనే విమర్శలో ఆ 'అయినా' పరిశీలింపదగినది. ఒకరిని మినహాయింపుగా ఎంచి, వారి వర్గంపై ఏవగింపును యథాతథంగా నిలుపుకొనే మనస్తత్త్వాన్ని గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లో వివరించాడు. గురజాడ 1909 నాటి 'కన్యాశుల్కం' మలికూర్పులోనే దానిని సంస్కర్త ఇంట నిలిపి చూపాడు. విజయనగరపు మధురవాణి పురుషవేషంలో ఉన్నంతసేపు సౌజన్యారావు ఆమె తర్కాన్ని సావధానంగా వింటాడు. వేషం తొలగగానే వేశ్యాసంపర్కం కూడదన్న నియమం అడ్డువస్తుంది. మాట్లాడినది ఒక్కతే. గిరీశాన్ని మాత్రం అతడు ఇంగ్లీషు చదువూ సంస్కరణ మాటలూ చూసి నమ్మాడు. తనవాడన్న భావన అక్కడ పరీక్షకు అవకాశమే ఇవ్వలేదు. మధురవాణిని చివరకు గౌరవిస్తాడు, నిజమే. విమర్శ దానినే పరివర్తనగా లెక్కించింది. సానివర్గంపై అతని అభిప్రాయం మారిందనడానికి నాటకంలో స్పష్టమైన ఆధారం లేదు.