మాట ఎక్కడ ఆగినది? వీడియో కాల్‌లో మైకు లోపములు, వాటి చికిత్సలపై ఒక విమర్శ

వీడియో కాల్‌లో ముఖము కనబడుచు మాట వినబడకుండుట నేడు అందరికిని తెలిసిన ఇబ్బంది. 2020 మార్చిలో పాఠశాలలు మూతబడి బోధన తెరమీదికి వచ్చినప్పుడు ఎందరో ఉపాధ్యాయులకు ఇది నిత్యానుభవమైనది. పాఠము చెప్పువారు చెప్పుచునే ఉందురు. పెదవులు కదలుచునే ఉండును. తరగతికి మాత్రము ఒక్క ముక్కయు చేరదు. పాఠశాలలు తిరిగి తెరచిన తరువాతను ఈ ఇబ్బంది తొలగిపోలేదు. దూరవిద్యా తరగతులు, ఉద్యోగపు ఇంటర్వ్యూలు, విదేశములలోని తెలుగు పిల్లల సంగీత పాఠములు ఇప్పటికిని ఈ మార్గమున నడచుచున్నవి.

ఈ లోపమునకు చికిత్సలు కొరతలేకుండ దొరకును. ప్రతి యాప్‌కును ఒక సహాయపత్రము ఉండును. అందులోని సలహాల వరుస కూడ ఇంచుమించు ఒక్కటే: మైకు మూసియున్నదేమో చూడుడు; అనుమతి ఇచ్చినారో లేదో చూడుడు; యాప్‌ను తీసివేసి మరల పెట్టుడు; యంత్రమును ఆపి మరల నడుపుడు. వీనిలో తప్పు సలహా ఏదియు లేదు. వీనిని పాటించిన పెక్కుమందికి మాట తిరిగి వచ్చుచున్నది కూడ.

అయినను శాస్త్రదృష్టితో చూచినచో వీనిలో ఒక పెద్ద కొరత కలదు. ఇవి మందుల పట్టికలే గాని రోగనిర్ణయములు కావు. లోపము కుదిరినప్పుడు దేనివలన కుదిరినదో తెలియదు. కుదరనప్పుడు తరువాత చేయవలసినదేమో తోచదు. ఉదాహరణకు, యాప్‌ను తీసివేసి మరల పెట్టగానే ఫోనులో మాట వచ్చినదనుకొందము. సాధారణముగా దానికి కారణము యాప్ చెడియుండి బాగుపడుట కాదు. క్రొత్తగా పెట్టిన యాప్ మైకు వాడుకొనుటకు అనుమతిని మరల అడుగును. ఈసారి వాడుకరి సరే అనును. అంతే. సెట్టింగులలో ఒక్క మీటను నొక్కినచో తీరెడి పని ఇల్లు పడగొట్టి కట్టినంత పని అయినది. పైగా అసలు కారణము మరుగుపడినది.

మాట నడచు బాట

లోపమును వెదకుటకు ముందు మాట ఏ దారిని పోవునో తెలియవలెను. ఆ దారిలో ముఖ్యమైన మెట్లు ఎనిమిది.

గొంతునుండి వెలువడిన ధ్వని గాలిలో ఒత్తిడి తరంగముగా ప్రయాణించి మైకులోని పలుచని పొరను కదిలించుట మొదటి మెట్టు. ఆ పొరయు, దాని వెనుకనున్న పలకయు కలిసి ఒక కండెన్సరు అగును. పొర కదలినకొలది దాని ధారణశక్తి మారుచుండును. ఆ మార్పే విద్యుత్సంకేతమగును. 1962లో బెల్ ప్రయోగశాలలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అను శాస్త్రజ్ఞులు రూపొందించిన ఎలెక్ట్రెట్ మైకు ఈ సూత్రముపై పనిచేయునదే. నేటి ఫోన్లలో సిలికానుపై చెక్కిన మైకు కందిబద్ద కంటె పెద్దది కాదు. దానికి ధ్వని చేరు రంధ్రము గుండుసూది తలంత ఉండును. ఆ రంధ్రమును దుమ్ము గాని, ఫోనుకు తొడిగిన తొడుగు గాని మూసినచో ఎంత గొప్ప యాప్ అయినను చేయగలిగినది లేదు.

ఆ సంకేతమును అంకెలుగా మార్చుట రెండవ మెట్టు. సెకనుకు 48,000 సార్లు దానిని కొలుచుట నేడు పరిపాటి. ఈ అంకెలను ఏ ప్రోగ్రామునకు ఇయ్యవచ్చునో, ఇయ్యరాదో నిర్ణయించు ద్వారపాలకుడు ఆపరేటింగ్ సిస్టమ్; ఇది మూడవ మెట్టు. విండోస్ 11లో యంత్రమంతటికి ఒక అనుమతియు, యాప్‌లకు ఒకటియు, డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు వేరొకటియు కలవు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 మొదలుకొని ఫోనులోని మైకునంతటిని ఒక్కసారిగా మూయు మీట కూడ ఉన్నది. నాల్గవ మెట్టులో యాప్ ఒక మైకును ఎన్నుకొనును. ల్యాప్‌టాప్‌లో ఒకటి, కెమెరాలో ఒకటి, బ్లూటూత్ ఇయర్‌ఫోనులో ఒకటి ఉన్నప్పుడు, ప్రక్కగదిలో బల్లమీదనున్న ఇయర్‌ఫోను మైకునే యాప్ ఎన్నుకొని ఉండవచ్చును.

అయిదవ మెట్టులో యాప్ ఆ ధ్వనిని శుభ్రపరచును. ఆరవ మెట్టులో దానిని ప్యాకెట్లు అనబడు చిన్న పొట్లములుగా కట్టును. 2012లో ప్రమాణముగా వెలువడిన ఓపస్ పద్ధతిలో ఒక్కొక్క పొట్లములో సామాన్యముగా 20 మిల్లీసెకనుల ధ్వని ఉండును. అనగా సెకనుకు 50 పొట్లములు. అవి ఇంటర్నెట్‌లో ప్రయాణము చేయుట ఏడవ మెట్టు. ఎదుటివారి యంత్రము వానిని విప్పి స్పీకరుకు అందించుట ఎనిమిదవది.

సగము చేసి వెదకుట

పెండ్లిపందిరికి వ్రేలాడదీసిన సీరియల్ సెట్టులో దీపములన్నియు ఒక్కసారి ఆరిపోయినచో తెలివిగల ఎలెక్ట్రీషియను ప్రతి బల్బును విప్పి చూడడు. తీగకు నడుమ పరీక్షించును. కరెంటు అంతవరకు వచ్చుచున్నచో లోపము ఆవలి సగములో ఉన్నట్లు. రానిచో ఈవలి సగములో ఉన్నట్లు. ఈ విధముగా ఎనిమిది మెట్లను మూడు పరీక్షలతో వడపోయవచ్చును, ఏలయనగా 2 × 2 × 2 = 8. మైకు విషయములో ప్రతి అతుకు దగ్గరను పరీక్షించు వీలు లేకపోయినను పద్ధతి ఇదియే.

మొదటి పరీక్ష: కాల్ యాప్‌ను మూసి, అదే యంత్రములోని రికార్డరులో పది సెకనులు మాటలాడి వినవలెను. మాట స్పష్టముగా వినబడినచో మొదటి రెండు మెట్లు నిర్దోషములు. మూడవ మెట్టు విషయములో మాత్రము ఒక జాగ్రత్త కలదు. అనుమతి యాప్ యాప్‌నకును వేరు. రికార్డరుకు అనుమతి ఉన్నంతమాత్రమున కాల్ యాప్‌కు ఉన్నదనరాదు.

రెండవ పరీక్ష: కాల్ యాప్ సెట్టింగులలో మాటలాడినకొలది కదలు గీత ఒకటి ఉండును. అది కదలకున్నచో లోపము అనుమతిలోనో, మైకు ఎన్నికలోనో ఉన్నది. కదలుచున్నచో అంతవరకు దారి బాగున్నది.

మూడవ పరీక్ష: రెండవ ఫోనుతో అదే కాల్‌లో చేరి, ఇంకొక గదిలో ఇయర్‌ఫోను పెట్టుకొని వినవలెను. రెండు యంత్రములు ప్రక్కప్రక్కన ఉన్నచో కూత పుట్టును. రెండవ ఫోనులో మాట వినబడి ఒక్క విద్యార్థికి మాత్రము వినబడకున్నచో లోపము ఆ విద్యార్థి యంత్రములో ఉన్నది. ఉపాధ్యాయుడు తన యంత్రమును ఆపి నడుపుట వ్యర్థము.

సహాయపత్రములు పెక్కింటిలో ఈ మూడు పరీక్షలు అక్కడక్కడ కనబడకపోవు. కాని అవి మందుల నడుమ మందులుగా కనబడును. ఏ పరీక్ష దేనిని నిర్దోషమని తేల్చునో చెప్పు వాక్యము ఉండదు. ఆ ఒక్క వాక్యమే పరీక్షకు ప్రాణము.

వచ్చి పోవు మాట

మాట బొత్తిగా రాకుండుట ఒక రోగము, వచ్చి పోవుచుండుట వేరొక రోగము. సహాయపత్రములు ఈ రెంటికి ఒకే మందు పోయుట వాని రెండవ లోపము. బొత్తిగా రాని మాట సాధారణముగా ఒక తలుపు మూసియుండుటవలన ఆగును. వచ్చి పోవు మాటకు తలుపులన్నియు తెరచియే ఉన్నవి. అప్పుడు ప్రశ్న ఎక్కడ అనునది కాదు, ఎప్పుడు అనునది. మాట ఆగిన క్షణమున ఇంకేమి జరిగినదో గమనించినచో కారణము తనంతట బయటపడును.

తీగ కదిలినప్పుడు చిటపటలాడి ఆగినచో లోపము ప్లగ్గులో ఉన్నది. మైకు గల ఇయర్‌ఫోను ప్లగ్గుపై నాలుగు లోహభాగములు ఉండును. అది చివరివరకు దిగకున్నచో స్పర్శ సరిగా ఉండదు. మాటతోబాటు బొమ్మ కూడ బిగిసిపోయినచో ఇంటర్నెట్‌ను శంకింపవలెను. ఒక పొట్లము పోయినచో ఎదుటి యంత్రము ఇరుగుపొరుగు ధ్వనినిబట్టి ఆ ఖాళీని పూడ్చును. వరుసగా అయిదు పోయినచో పదవవంతు సెకను పోయి అక్షరము దెబ్బతినును. ఉత్తరము ఆలస్యముగానైనను అందవచ్చును, సంభాషణలో ఆలస్యమైన అక్షరము నిరుపయోగము. ఇట్టి సమయమున కెమెరాను ఆపుట మంచి చికిత్స. మాటకు సెకనుకు కొన్ని పదుల కిలోబిట్లు చాలును. బొమ్మకు వందలు మొదలు వేలవరకు కావలెను.

ఇతరులు మాటలాడినప్పుడెల్ల ఉపాధ్యాయుని మాట ఆగుచున్నచో కారణము ప్రతిధ్వని నివారణ. ఎదుటివారి మాట స్పీకరునుండి వెలువడి, గోడలకు తగిలి, మైకులో మరల ప్రవేశించును. దానిని అంచనావేసి తీసివేయు ఉపాయమును వివరించుచు బెల్ ప్రయోగశాలలలో పనిచేసిన మన్ మోహన్ సోంధీ 1967లో ప్రసిద్ధమైన వ్యాసము ప్రకటించెను. ఇరువురు ఒకేసారి మాటలాడినప్పుడు ఈ అంచనా కష్టమగును. అప్పుడు యాప్ ఇవతలి మాటను కూడ అణచివేయవచ్చును. ఒక విద్యార్థి ఇంటిలో కుక్కర్ కూత వేసినను చాలును. ఇయర్‌ఫోను పెట్టుకొన్నచో స్పీకరుకును మైకుకును గల దారియే తెగిపోవును గనుక ఈ రోగము మూలముతో పోవును.

ఏది మాట, ఏది రొద?

అన్నింటికంటె విచారింపదగినది రొద తగ్గింపు. 1979లో స్టీవెన్ బోల్ వివరించిన పద్ధతి దీనికి మంచి ఉదాహరణ. ఎవరును మాటలాడనప్పుడు వినబడు ధ్వనిని కొలిచి, మాటలాడునప్పుడు దానిని తీసివేయుట ఆ పద్ధతి. మాట క్షణక్షణము మారుననియు, రొద నిలకడగా ఉండుననియు దాని నమ్మకము. ఫ్యాను విషయములో ఈ నమ్మకము నిజమే. కాని తంబుర శ్రుతియు నిలకడగానే ఉండును. భౌతికశాస్త్ర పాఠములో మ్రోగించిన శ్రుతిదండము కూడ నిలకడగానే మ్రోగును. ఇటీవలి యాప్‌లలో మనుష్యుల మాటలతో శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్కులు ఈ పని చేయుచున్నవి; వానికిని మాట కానిది రొదయే. శ్రుతిదండము మొదట మ్రోగి వెంటనే మాయమైనచో మైకు చెడినదని ఉపాధ్యాయుడు తలచును. నిజమునకు మైకు విన్నది, యాప్ వద్దన్నది.

స్వరము తగ్గినచోట కూడ ఇట్టి ప్రమాదమే కలదు. తెలుగువారికి ఇది మరింత ముఖ్యము. తెలుగు వాక్యములో అవుననునదియు కాదనునదియు చాలవరకు చివర క్రియలో తేలును. గొంతు తగ్గునది కూడ అక్కడనే. “నీటిలో ఆమ్లమును పోయవచ్చును, ఆమ్లములో నీటిని పోయరాదు” అని రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు హెచ్చరించినాడనుకొందము. రెండు క్రియలకు మొదలు ఒక్కటే. తుది అక్షరములు తెగిపోయినచో గాఢ గంధకామ్లము విషయములో విధికి నిషేధమునకు భేదమే నశించును. విన్న విద్యార్థికి ఏదో పోయినదనియైనను తెలియకపోవచ్చును. బొత్తిగా వినబడని మాట కంటె సగము వినబడిన మాట ఎక్కువ హాని చేయగలదు.

రొద తగ్గింపు చెడ్డదని దీని అర్థము కాదు. వీధి ప్రక్కనున్న ఇంటినుండి పాఠము చెప్పువారికి అది గొప్ప ఉపకారము. కాని దాని తీర్పు వాడుకరికి కనబడవలెను. తెరమీద మైకు గుర్తు తెరచియున్నట్లు కనబడును. అది తలుపు తెరచినదని మాత్రమే చెప్పును గాని మాట చేరినదని చెప్పదు. యాప్ రూపకర్తలపై చేయదగిన ముఖ్యమైన విమర్శ ఇదియే. మైకులోనికి ఎంత ధ్వని వచ్చినది, శుభ్రపరచిన పిదప ఎంత బయటికి పోయినది అను రెండు గీతలు ప్రక్కప్రక్కన చూపినచో సగము సందేహములు తీరును. జూమ్‌లో సంగీతకారులకొరకు ‘ఒరిజినల్ సౌండ్’ అను సెట్టింగు ఉండుట మెచ్చదగినది. అది సైన్సు ఉపాధ్యాయునికి కూడ అవసరమేయని చెప్పువారు అరుదు.

మంచి నమూనా ఒకటి లేకపోలేదు. 2003లో మొదలై 2025లో మూతబడిన స్కైప్‌లో ఒక పరీక్షా కాల్ ఉండెడిది. దానికి కాల్ చేసి కొన్ని మాటలు చెప్పినచో అది వానిని పట్టి తిరిగి వినిపించెడిది. గుర్తులు లేవు, జాబితాలు లేవు. తన మాట దూరము పోయి ఎట్లు వచ్చినదో వాడుకరి తన చెవితోనే వినెడివాడు. ఈ లోపమునకు ఏర్పడిన సాధనములలో ఇంత సూటియైనది మరియొకటి అరుదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో ప్రయోగముగా చేయింపవచ్చును. రెండు ఫోన్లు, ఒక శ్రుతిదండము, రెండు గదులు చాలును. రొద తగ్గింపు ఉంచి ఒకసారి, తీసివేసి ఒకసారి శ్రుతిదండమును మ్రోగించి, రెండవ గదిలో ఎన్ని సెకనులు వినబడినదో విద్యార్థులచే వ్రాయింపవలెను. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయవలెననియు, మార్పునకు ముందు ఫలితమును వ్రాసికొనవలెననియు వారు అప్పుడు చేతులార నేర్చుకొందురు. అటుపిమ్మట తరగతిలో మాట ఆగినప్పుడు విద్యార్థి “సార్, వినబడుట లేదు” అని ఊరకొనడు. “బొమ్మ కదలుచున్నది, మాట మాత్రము చివర తెగుచున్నది” అని చెప్పును. రోగనిర్ణయములో సగము ఆ వాక్యములోనే ఉన్నది.