ఎదుటి జట్టు పిట్ లెక్క

ఫార్ములా వన్ కారు పిట్‌లోకి వచ్చి వెళ్లడానికి పట్టే కాలంలో టైర్లు మార్చే పని చాలా చిన్న భాగం. రెండు, రెండున్నర సెకన్లలో అది అయిపోతుంది. 2023 ఖతార్ రేసులో మెక్‌లారెన్ సిబ్బంది 1.80 సెకన్లలోనే ముగించారు. అసలు నష్టం పిట్ లేన్‌లో ఉంది. అక్కడ గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు, కొన్ని ఇరుకు సర్క్యూట్లలో 60 దాటకూడదు. అదే సమయంలో ట్రాక్ మీది కార్లు దూసుకుపోతుంటాయి కాబట్టి, ఒక్కసారి ఆగితే చాలాచోట్ల 20 సెకన్లకు అటూఇటూగా పోతాయి. అయినా ఆగక తప్పదు. పొడి ట్రాక్ మీద జరిగే రేసులో కనీసం రెండు రకాల టైర్లు వాడాలన్నది 2007 నుంచి ఉన్న నియమం. ఎప్పుడు ఆగాలన్నదే ప్రశ్న. సొంత కారును మాత్రమే చూసుకుంటే దానికి జవాబు దొరకదు. ఎదుటివాడు ఎప్పుడు ఆగుతాడో కూడా తెలియాలి.

ఈ ఆరా రేసుకు రెండు రోజుల ముందే మొదలవుతుంది. మామూలు వారాంతంలో ఒక్కో కారుకు 13 సెట్ల పొడి టైర్లు ఇస్తారు. తెల్ల గీత ఉన్నవి గట్టివి, పసుపువి మధ్యరకం, ఎర్రవి మెత్తనివి. సాధనలో ఎవరు ఏవి వాడారో, ఏవి టైర్లు సరఫరా చేసే పిరెల్లి కంపెనీకి తిరిగి ఇచ్చేశారో అందరి కళ్లెదుటే జరుగుతుంది. రమ్మీలో ఎదుటివాడు పారేసిన ముక్కలను బట్టి చేతిలో మిగిలినవి ఊహించినట్టు, వాడేసిన సెట్లను బట్టి మిగిలినవి లెక్కగడతారు. ఒక జట్టు రెండు కొత్త గట్టి టైర్ల సెట్లను ముట్టుకోకుండా దాచుకుందంటే రెండుసార్లు ఆగే ఆలోచన దాని మనసులో ఉన్నట్టే.

శుక్రవారం సాధనలో కార్లు ఒకే టైర్ల మీద వరసగా పది, పదిహేను ల్యాప్‌లు తిరుగుతాయి. అవతలి కారులో ఎంత ఇంధనం ఉందో తెలియదు. పది కిలోల ఇంధనం ల్యాప్‌కు సుమారు 0.3 సెకను తేడా తెస్తుంది కాబట్టి ఆ ల్యాప్ టైములను ఉన్నవున్నట్టు నమ్మడానికి వీల్లేదు. అందుకే లెక్కలు తెలిసినవాళ్లు వేగం కన్నా వాలును చూస్తారు. ఒక్కో ల్యాప్‌కు ఎంతెంత నెమ్మదిస్తోందన్నది టైరు అరుగుదలను చాలావరకు బయటపెడుతుంది. ఆ అరుగుదల రేటు చేతికొస్తే కంప్యూటర్‌లో రేసును వేలసార్లు నడిపి చూడవచ్చు. ఈ పని ట్రాక్ దగ్గర కొంత, బ్రాక్లీ, మిల్టన్ కీన్స్, మారనెల్లో ఊళ్లలోని జట్ల కేంద్రాల్లో కొంత జరుగుతుంది.

1994 నుంచి 2009 వరకు రేసు మధ్యలో ఇంధనం నింపుకునే రోజుల్లో ఈ విద్య మరోలా ఉండేది. పంపు యంత్రం అందరికీ ఒకటే, సెకనుకు సుమారు 12 లీటర్లు పోసేది. కాబట్టి గొట్టం ఎన్ని సెకన్లు కారుకు తగిలి ఉందో స్టాప్‌వాచ్‌తో చూస్తే తర్వాతి స్టాప్ ఏ ల్యాప్‌లోనో ఇంచుమించుగా తేలేది. 1998 హంగరీ రేసులో ఫెరారీ వ్యూహకర్త రాస్ బ్రాన్, మెక్‌లారెన్ కార్ల వెనక ఇరుక్కున్న మైకేల్ షూమాకర్‌ను మూడు స్టాప్‌ల పద్ధతికి మార్చాడు. 43వ ల్యాప్‌లో కొద్దిపాటి ఇంధనంతో పంపి, 19 ల్యాప్‌లలో 25 సెకన్లు సంపాదించమన్నాడు. షూమాకర్ సంపాదించి, గెలిచాడు. 2009లో క్వాలిఫయింగ్ తర్వాత కార్ల బరువులు ప్రకటించడంతో మొదటి స్టాప్ ఎప్పుడో ఊహించే ముచ్చట దాదాపు తీరిపోయింది. మరుసటి ఏడాది ఇంధనం నింపడాన్నే ఎత్తేశారు. ఇక మిగిలింది టైరు ఒక్కటే.

రేసు మొదలయ్యాక జట్లకు అందే సమాచారంలో రహస్యం తక్కువ. ప్రతి కారు ఎక్కడ ఎంత వేగంతో ఉందో జీపీఎస్ ద్వారా అందరికీ తెలుస్తుంది. ఏ టైరు, దాని వయసు ఎన్ని ల్యాప్‌లు అన్నది కూడా తెరమీదే ఉంటుంది. చూసే కన్ను ఉండాలంతే. నెమ్మది మలుపుల నుంచి బయటపడేటప్పుడు కాలం పోతుంటే వెనక టైర్లు అలిసిపోయాయి. పొడవాటి వేగపు మలుపుల్లో పోతుంటే చాలాసార్లు ముందు టైర్లది తప్పు. బ్రేకు కన్నా చాలా ముందే యాక్సిలరేటర్ వదులుతున్నాడంటే ఇంధనమో టైర్లో ఆదా చేస్తున్నాడు. వెంటే నడిపే డ్రైవర్ చెప్పే మాటకూ విలువ ఎక్కువే. ముందు కారు ఎక్కడ జారుతోందో అతనికి ఇంజినీర్ల కన్నా ముందే కనబడుతుంది.

రేడియో సంభాషణలు కూడా వినబడతాయి. అందుకే జట్లు ప్లాన్ ఏ, ప్లాన్ బీ అంటూ ముసుగు వేసి మాట్లాడతాయి. టైర్లు అయిపోయాయని డ్రైవర్ వాపోతే అది నిజం కావచ్చు, అవతలి వాళ్లను తొందరపెట్టడానికి వేసిన ఎర కావచ్చు. పని లేకుండా మెకానిక్‌లను పిట్ లేన్‌లోకి ఉరికించి భయపెట్టే ఎత్తుగడ కూడా ఉండేది. పని పడబోయే ముందు తప్ప సిబ్బంది అక్కడికి రాకూడదని ఇప్పుడు నియమంలోనే ఉంది. మాటకన్నా గడియారమే నమ్మదగినది.

ఇవన్నీ చూసేది ప్రధానంగా అండర్‌కట్ కోసం. వెనక ఉన్నవాడు ముందుగా ఆగి, కొత్త టైర్లతో ఒకటి రెండు ల్యాప్‌లు వేగంగా తిరిగితే, తర్వాత ఆగిన ముందువాడు అతని వెనకే ట్రాక్ మీదికి వస్తాడు. 2021 ఫ్రాన్స్ రేసులో మెర్సిడెస్ డ్రైవర్ హామిల్టన్ దాదాపు మూడు సెకన్ల ఆధిక్యంలో ఉండగా రెడ్ బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ 18వ ల్యాప్‌లో ఆగాడు. మెర్సిడెస్ మరుసటి ల్యాప్‌లోనే జవాబిచ్చింది, అయినా స్థానం పోయింది. వెనకవాడు పిట్‌లోకి తిరిగాక స్పందిస్తే ఆలస్యమే. అతనికి ఆగే వీలు ఎప్పుడొస్తుందో ముందే తెలియాలి. అందుకు అతనికీ, ఇంకా వెనక వస్తున్న నెమ్మది కార్లకూ మధ్య దూరం గమనిస్తారు. అది పిట్ నష్టాన్ని మించిందంటే అతనికి ఖాళీ ట్రాక్ దొరికినట్టే.

ఇంతకన్నా పదునైన పద్ధతి ఎదుటివాడికి జవాబే లేని చోట దెబ్బ కొట్టడం. 2019 హంగరీలో వెర్‌స్టాపెన్ వెనకే ఉన్న హామిల్టన్‌ను మెర్సిడెస్ 48వ ల్యాప్‌లో రెండోసారి పిలిచింది. తేడా సుమారు 20 సెకన్లయింది. రెడ్ బుల్ కూడా ఆగితే వెనకబడుతుంది, ఆగకపోతే పాత టైర్లతో చివరిదాకా ఈడ్చాలి. 67వ ల్యాప్‌లో హామిల్టన్ దాటేశాడు.

లెక్క సరిగ్గా వేసినా మనిషిని తప్పుగా ఎంచుకుంటే ఏమవుతుందో 2010 అబుదాబిలో తేలింది. టైటిల్‌కు ఫెరారీ డ్రైవర్ అలొన్సోకు ఆ సీజన్ చివరి రేసులో నాలుగో స్థానం చాలు. పాయింట్లలో దగ్గరి ప్రత్యర్థి వెబర్ 11వ ల్యాప్‌లో ఆగగానే, అతన్ని కాచుకోవడానికి ఫెరారీ 15వ ల్యాప్‌లో అలొన్సోను పిలిచింది. వెబర్ ముందుకు రాలేకపోయాడు, ఆ మేరకు అంచనా ఫలించింది. కాని మొదటి ల్యాప్‌లో అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ వచ్చినప్పుడే టైర్లు మార్చుకున్న పెట్రోవ్ వెనక అలొన్సో దాదాపు 40 ల్యాప్‌లు ఇరుక్కుని ఏడో స్థానంలో ముగించాడు. ముందు హాయిగా సాగిన మరో ప్రత్యర్థి వెటెల్ రేసునూ, నాలుగు పాయింట్ల తేడాతో టైటిల్‌నూ గెలిచాడు.

సేఫ్టీ కార్ వస్తే ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. అందరూ నెమ్మదిస్తారు కాబట్టి ఆగే ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది. అప్పుడు ముందున్నవాడికే చిక్కు, ఎందుకంటే పిట్ దారి అతనికే ముందు వస్తుంది. వెనకవాడు, ముందువాడు చేసినదానికి సరిగ్గా వ్యతిరేకం చేస్తే సరిపోతుంది. 2021 అబుదాబిలో 53వ ల్యాప్‌లో సేఫ్టీ కార్ వచ్చినప్పుడు మెర్సిడెస్ హామిల్టన్‌ను పిలిచి ఉంటే, వెర్‌స్టాపెన్ ఆగకుండా ముందుకు వెళ్లేవాడు. పిలవలేదు కనుక అతను ఆగి మెత్తని టైర్లు వేసుకున్నాడు. రేసును తిరిగి మొదలుపెట్టిన తీరు మీద వివాదం వేరే సంగతి. చివరి ల్యాప్‌లో హామిల్టన్ కారుకు ఉన్నవి మాత్రం 14వ ల్యాప్‌లో బిగించిన గట్టి టైర్లే.