తాత్పర్యం ఇటు, క్లెయిమ్ అటు

తెలుగు మాస్టారి దగ్గర చదువుకున్న వాళ్ళకు ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం, సందర్భం, సారాంశం అనే మాటలను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. అమెరికాలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఇంగ్లీషు పాఠంలో వినిపించేవి వేరు: క్లెయిమ్, రీజన్, ఎవిడెన్స్, ఇన్ఫరెన్స్, కౌంటర్ క్లెయిమ్. అక్కడ పెరిగే తెలుగు పిల్లలకు వారమంతా ఈ రెండో వరసే. వారాంతపు తెలుగు బడిలో పద్యం ఎత్తుకున్నప్పుడు మాత్రం మొదటిది ఎదురవుతుంది.

మన మాటలు పద్యం చుట్టూ అల్లుకున్నాయి. ఛందస్సు కోసం కవి క్రియను ముందుకు తెస్తాడు, కర్తను రెండు పాదాల అవతల వదిలేస్తాడు. కర్త ఎక్కడుందో, ఏ విశేషణం ఎవరిదో వెతికి వాక్యాన్ని మళ్ళీ నిలబెట్టడమే అన్వయం. అది కుదిరాకే తాత్పర్యం. పన్నెండేళ్ళ పిల్ల ఒక సీసపద్యానికి సొంతంగా అన్వయం కుదిర్చిందంటే ఎంత చిక్కు వాక్యానికీ బెదరదు. ఇంత దగ్గరగా చదివించే పనిముట్టు అమెరికా వరసలో నాకు కనపడలేదు. సందర్భసహిత వ్యాఖ్య కూడా అలాంటిదే. ఈ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో చెప్పకుండా దాని మీద అభిప్రాయం చెప్పే వీల్లేదు.

అక్కడి ఇన్ఫరెన్స్ చేయించే పని వేరు. అమ్మాయికి భయం వేసిందని కథలో ఉండదు, తలుపు గడియ రెండుసార్లు చూసుకుందని ఉంటుంది. భయమని ఏ వాక్యం చూసి అన్నావు అని టీచరు అడుగుతుంది. 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు ఆరో తరగతికే ఈ ఆధారం చూపమంటాయి. మన ఆలంకారికులు ధ్వని పేరుతో ఈ దారిలో చాలా దూరం వెళ్ళారు. బడిలో మాత్రం తాత్పర్యం గైడులో అచ్చయి ఉంటుంది కాబట్టి, ఎలా అన్నావని అడిగేవాళ్ళు తక్కువ.

వ్యాసం దగ్గర ఎడం ఇంకా పెరుగుతుంది. ‘బడిలో సెల్‌ఫోన్’ అని ఇస్తే మన పిల్లలు ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ముగింపు అని గీతలు కొట్టి నింపుతారు. ఫోను ఉండాలా వద్దా అన్నది చివరికీ తేలదు. అక్కడి పిల్ల మొదటి పేరాలోనే ‘భోజన విరామంలో కూడా వద్దు’ అని తేల్చి, కారణాలు చెప్పి, ఒక్కోదానికి ఆధారం చూపాలి. ఏడో తరగతికి వచ్చేసరికి ఎదుటి వాదాన్నీ ప్రస్తావించాలి. అయితే అక్కడి బడుల్లో నేర్పే ఐదు పేరాల మూసలో, ఇంకా తేల్చుకోని పిల్ల కూడా ఏదో ఒక పక్షం పట్టక తప్పదు. ఫ్రెంచి రచయిత మాంటేన్ 1580లో అచ్చువేసిన వ్యాసాల్లోని సందేహం, తచ్చాట అందులో ఇమడవు. మన లాభనష్టాల పద్ధతిలో కనీసం రెండువైపులా చూసే ఓపిక ఉంది.

ఇంతకీ వాదం చేసే మాటలు మనకు లేక కాదు. న్యాయదర్శనంలో ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని వాదానికి ఐదు అవయవాలు. ప్రతిజ్ఞ, హేతువు అక్కడి క్లెయిమ్, రీజన్‌లకు దగ్గరి చుట్టాలు. అచ్చంగా ఒకటే అనను. హేతువు వెనక ఒక నియమం ఉండాలి, ఎవిడెన్స్‌కు పేజీలో వాక్యం చూపిస్తే చాలు. అలాగే పూర్వపక్షం, కౌంటర్ క్లెయిమ్ ఒకే ఇంటివి. 1862లో అచ్చయిన ‘హితసూచని’లో సామినేని ముద్దునరసింహం నాయుడు తన వ్యాసాలను ప్రమేయాలన్నారు. ప్రమాణంతో తెలుసుకోవలసిన విషయానికి నైయాయికులు పెట్టిన పేరది. తెలుగు వ్యాసం తొలినాళ్ళలోనే ఆధారం అడిగే మాట ఉందన్నమాట. అది మన వాచకాల దాకా రాలేదు.

ఇక్కడి తెలుగు మాస్టార్లనూ, అక్కడ వారాంతాల్లో పాఠం చెప్పేవాళ్ళనూ కోరేది ఒకటే. ఏడో తరగతి వ్యాసానికి లాభాలు, నష్టాలు అన్న శీర్షికలు మాన్పించి ప్రతిజ్ఞ, హేతువు, పూర్వపక్షం అని ఇవ్వండి. పద్యానికి అన్వయం మాత్రం గైడు మూయించి, పిల్లల చేతే కుదిర్పించండి.