గులాబీ మొక్కల కింద

భారతీరాజా 'సిగప్పు రోజాక్కళ్' తమిళంలో 1978 అక్టోబరులో విడుదలైంది. మరుసటేడు 'ఎర్ర గులాబీలు' పేరుతో డబ్బింగై తెలుగులోకొచ్చింది. ఇప్పటికీ ఆ సినిమాని తలుచుకునేవాళ్ళు ఇళయరాజా సంగీతాన్ని తలుచుకుంటారు. కమల్‌హాసన్ నటన గురించి చెబుతారు. పల్లెటూరి కథలు తప్ప తీయలేడని పేరుపడ్డ దర్శకుడు పట్నం కథతో ఎలా మెప్పించాడో చెబుతారు. ఆ బంగళా తోటలో పూడ్చిపెట్టిన ఆడవాళ్ళ గురించి మాత్రం ఎవరూ ఎత్తగా నేను వినలేదు. నాకు మొదట్నించీ గుర్తున్నది వాళ్ళే.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. దిలీప్ డబ్బున్న వ్యాపారి, అందగాడు, మాటకారి. పరిచయమైన ఆడవాళ్ళని మాటలతో దగ్గర చేసుకుని ఇంటికి తీసుకొస్తాడు. చంపుతాడు. తోటలో పాతిపెట్టి పైన గులాబీ మొక్క నాటుతాడు. ఇదంతా కెమెరాలో రికార్డవుతుంది. అతన్ని పెంచిన తండ్రి, మతి చలించిన మనిషి, వాటిని చూస్తూ కూర్చుంటాడు. బట్టల షాపులో సేల్స్ గర్ల్‌గా పనిచేసే శారద (శ్రీదేవి) దిలీప్ కంటపడుతుంది. పెళ్ళయితే తప్ప దగ్గరికి రానివ్వనంటుంది. పెళ్ళి చేసుకుంటాడు. ఆ ఇంట్లో తను చూడకూడనిదంతా చూసి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెడుతుంది.

నేను నాలుగో తరగతిలో ఉండగా చూశాను. మా ఊరి హాల్లో ఆడవాళ్ళకి ఒక పక్క విడిగా జాగా, మధ్యలో నడుమెత్తు గోడ. మా పిన్నీ, పెద్దమ్మ కూతురు అక్కా, నేనూ వెళ్ళాం. డబ్బింగ్ సినిమాల్లో పెదాలు ఆగిపోయాక కూడా మాట వినిపిస్తూ ఉంటుంది కదా, నాకది మరీ భయంగా ఉండేది. నవ్వే మొహం ఒకరిది, మాట ఇంకెవరిదో. ఆ నల్లపిల్లి, ఆ తోట, మట్టి! మా అమ్మమ్మగారింటి పెరట్లో ఒక నాటు గులాబీ ఉండేది. ఆ ఎండాకాలమంతా అటు పోలేదు. పువ్వు కోసుకురమ్మంటే ఏడ్చేదాన్నని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

హాల్లో పక్కనున్నవాళ్ళ మాటలు కూడా అంత బాగానూ గుర్తున్నాయి. మొదట చనిపోయిన అమ్మాయిల కోసం మా వైపు నించి ఎవరూ "అయ్యో" అనలేదు. "పిలిస్తే కారెక్కేయడమేనా" అంది వెనకనించి ఒకావిడ. "ఎక్కింది, అనుభవించింది" అంది ఇంకొకావిడ. అదే ఆడవాళ్ళు శారద పరుగెడుతుంటే "పరుగెత్తవే తల్లీ, పరుగెత్తు" అని గట్టిగా అరిచారు. పిన్ని నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది. తొమ్మిదేళ్ళ పిల్లకి దీని అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కత్తి అందరి మీదా పడుతుంది, ఏడుపు మాత్రం కొందరికే దక్కుతుంది. ఏ కొందరికో తెలుసుకుని బతకాలి.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ సినిమా పేరు ఒక తిట్టయి కూర్చుంది. అక్క టైపు క్లాసునించి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే పెద్దమ్మ "ఎర్రగులాబీలు చూసి కూడా బుద్ధి రాలేదటే" అనేది. ఆ సినిమా చూసినందుకు మా ఊళ్ళో ఒక మగపిల్లాణ్ణి ఎవరైనా కూర్చోబెట్టి బుద్ధి చెప్పారా అంటే లేదు.

ఇప్పుడు మళ్ళీ చూస్తే నన్ను కూర్చోనివ్వకుండా చేసింది హత్యలు కాదు. రక్తం ఎక్కువ చూపించడు భారతీరాజా. భయపెట్టేది ఫ్లాష్‌బ్యాక్. దిలీప్ ఎందుకిలా అయ్యాడో చెప్పడానికి దర్శకుడు ఇద్దరు ఆడవాళ్ళని తీసుకొస్తాడు. దిక్కులేని పిల్లవాడిగా ఒక ఇంట్లో చేరినప్పుడు ఆ ఇంటి అమ్మాయి వీణ్ణి కోరుకుంటుంది. పెద్దవాళ్ళ కంటపడగానే తప్పంతా వీడి మీదికి తోస్తుంది. తన్ని బయటికి గెంటేస్తారు. తర్వాత ఇంకొక ఇంట్లో చేరతాడు. అక్కడ భర్త ఊళ్ళో లేనప్పుడు భార్య వేరొకణ్ణి రప్పించుకుంటుంది. భర్త తిరిగొచ్చి చూస్తాడు, కత్తితో పొడుస్తాడు. పక్కనున్న పిల్లవాడు పొడవమని అరుస్తాడు, ఆడవాళ్ళంతా ఇంతేనంటాడు. తమిళంలో ఆ డైలాగు నానుడిలా స్థిరపడిపోయింది. జనం సరదాకి అనుకుంటారు.

ఆ మొదటి అమ్మాయిని కాసేపు చూద్దాం. ఆమె కూడా పిల్లే. తనకి ఒక కోరిక ఉందని బయటపడితే వీపు చిట్లిపోయే ఇంట్లో పెరుగుతున్న పిల్ల. అబద్ధం ఆడింది, నిజమే. ఆ అబద్ధం ఆమెకి నేర్పిందెవరు? ఆ ప్రశ్న కెమెరాకి రాదు. ఆమె మొహంలో మనకి దొరికేది కోరిక, తర్వాత మోసం. ఆ రెండిటి మధ్యా ఉండాల్సిన భయాన్ని కత్తిరించేశారు. రెండో ఆవిడ సంగతి ఇంకా అన్యాయం. ఆమెకి ఒక గతం గానీ, ఒక మాట గానీ లేవు. పొడిపించుకోవడానికి మాత్రమే తెరమీదికొస్తుంది. పిల్లవాడి బాల్యానికి ఒక రీలు ఖర్చుపెట్టిన సినిమా ఆమె కాపురానికి ఒక్క షాటు ఖర్చుపెట్టలేదు.

ఆ హత్య తర్వాత జరిగేది చూడండి. చంపిన మగవాడు, చంపమన్న పిల్లవాడు తండ్రీకొడుకులవుతారు. ఆస్తి, వ్యాపారం, బంగళా కొడుక్కొస్తాయి. ఈ వంశంలో తల్లి లేదు. తల్లి స్థానంలో ఒక శవం ఉంది. రక్తసంబంధం అనే మాటకి ఇంత సూటి బొమ్మ మన సినిమాల్లో ఇంకెక్కడా నాకు కనబడలేదు. తనకి తెలిసో తెలియకో పితృస్వామ్యపు వంశవృక్షాన్ని వేర్లతో సహా పెకలించి చూపించాడు దర్శకుడు. చూపించి, ఆ నేరాన్ని మళ్ళీ శవం మీదే వేశాడు. నాకీ సినిమాతో పేచీ అక్కడే. బాగా లేని సినిమా అయితే ఇంత పేచీ ఉండేది కాదు.

అమెరికాలో జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' వచ్చింది కూడా 1978 అక్టోబరులోనే. ఒకరి సినిమా ఒకరు చూసే వీల్లేదు. అయినా అక్కడ ఆరేళ్ళ పిల్లవాడు, ప్రియుడితో గడిపిన అక్కని పొడిచి చంపడంతో కథ మొదలవుతుంది. ఇద్దరికీ పెద్దన్నగా హిచ్‌కాక్ 'సైకో' (1960) ఉంది. దాంట్లోనూ నేరం చివరికి తల్లి ఖాతాలో పడుతుంది. అదే 1960లో మైకేల్ పావెల్ 'పీపింగ్ టామ్' తీశాడు. అందులో హంతకుడు తను చంపే ఆడవాళ్ళని కెమెరాతో తీస్తాడు. 1975లో లారా మల్వీ సినిమాలో చూపు మగవాడిది, చూడబడేది స్త్రీ అని సిద్ధాంతం చేసినప్పుడు ఆమె ముందున్నది హాలీవుడ్. ఆ వ్యాసం చదువుతుంటే నా కళ్ళముందు కదిలింది మాత్రం దిలీప్ తండ్రి. చీకట్లో కూర్చుని, కొడుకు తెచ్చిచ్చిన ఆడవాళ్ళ చావుల్ని చూసి తృప్తిపడే ముసలాడు. టికెట్టు కొనుక్కుని హాల్లో కూర్చున్న మనకీ అతనికీ ఏమిటి తేడా అని సినిమా ఒక్క క్షణం అడుగుతుంది. అడిగి, భయపడి, వెంటనే అతన్ని పిచ్చివాడిగా తేల్చేస్తుంది.

కరోల్ క్లోవర్ 1987లో రాసిన వ్యాసంలో, తర్వాత 1992లో వచ్చిన పుస్తకంలో ఇలాంటి సినిమాల్లో చివరిదాకా మిగిలే అమ్మాయి గురించి చర్చించింది. ఆమెని 'ఫైనల్ గర్ల్' అంది. మిగతా అమ్మాయిలు ప్రియుళ్ళతో ఉండగా చస్తారు. ఈమె అలాంటి వాటికి దూరంగా ఉంటుంది, జాగ్రత్తగా గమనిస్తుంది, చివరికి ఎదురు తిరుగుతుంది. సినిమా మొదట్లో హంతకుడి కళ్ళతో చూసిన కుర్రకారు ప్రేక్షకులు చివరికొచ్చేసరికి ఈ అమ్మాయి పక్షాన కేకలు వేస్తారని క్లోవర్ వాదన. మా హాల్లో "పరుగెత్తవే తల్లీ" అన్న కేక అలాంటిదే అనిపిస్తుంది. తేడా ఏమిటంటే 'హాలోవీన్'లో లోరీ చేతికి అల్లిక సూది దొరుకుతుంది, బట్టలు తగిలించే హ్యాంగర్ దొరుకుతుంది. ఆడవాళ్ళ ఇంటి సామానుతోనే కొడుతుంది. శారద పరుగెడుతుంది. దిలీప్‌ని పడగొట్టేది ఆమె చెయ్యి కాదు, శ్మశానంలోని శిలువ. దైవశిక్ష అన్నమాట. ఆడదాని చేత కొట్టించడానికి మనసు రాలేదు.

చూడకూడని గదీ, కొత్త పెళ్ళికూతురూ అన్న కథ పాతదే. 1697లో పెరో అచ్చువేసిన 'నీలిగడ్డం' కథలో భార్య ఆ గది తలుపు తీస్తే ముందటి భార్యల శవాలుంటాయి. ఏంజెలా కార్టర్ 1979లో, అంటే 'ఎర్ర గులాబీలు' తెలుగులోకొచ్చిన ఏడాదే, ఈ కథని తిరగరాసింది. అందులో కూతుర్ని కాపాడటానికి తల్లి గుర్రమెక్కి వస్తుంది, అల్లుణ్ణి తుపాకీతో కాలుస్తుంది. శారదకి అలా వచ్చే తల్లి లేదు. ఆ పాత్రకి తల్లి ఎందుకుండకూడదో ఆలోచిస్తే నాకొకటే తోస్తుంది. తల్లి ఉంటే ఆరాలు తీసేది. కట్నం అడగని మగవాడికి ఇంత హడావిడి పెళ్ళెందుకని అడిగేది.

శారద బతికిందెందుకు? పెళ్ళి కాకుండా ఒప్పుకోలేదు కనక. సినిమా పెట్టిన పరీక్ష ఇదే. కానీ కథని ఉన్నదున్నట్టుగా చూస్తే ఆ పరీక్షలో నెగ్గడం వల్లే ఆమె ఆ ఇంట్లోకి చేరింది. తాళి ఆమెని రక్షించలేదు, లోపలికి తెచ్చింది. ఆమెని రక్షించినవి రెండు కాళ్ళు. మా పెద్దమ్మ ఈ సంగతి గమనించి ఉంటే అక్కకి చెప్పాల్సిన నీతి వేరుగా ఉండేది.

ఇదంతా గాల్లోంచి పుట్టలేదు. 1978లోనే హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషన్లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. ఆమె భర్తని కొట్టి చంపారు. ఊరు ఊరంతా భగ్గుమంది. ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టింది. అయినా విచారణ పొడుగునా నడిచిన వాదన ఆమె ఎలాంటి ఆడది అన్నదాని మీద. 1981లో రాయచూరు కోర్టులో ఆ పోలీసులు విడుదలయ్యారు. మథుర కేసులో సుప్రీంకోర్టు పోలీసుల్ని వదిలేసింది కూడా 1978 సెప్టెంబరులోనే, ఆమె ఒంటిమీద గాయాల్లేవని, ప్రతిఘటించలేదని. దిలీప్ తోటలో ఏ అమ్మాయిని ఎక్కడ పాతిపెట్టాలన్న లెక్కకీ, కోర్టులో నడిచిన లెక్కకీ పోలిక నేను కష్టపడి తేనక్కర్లేదు. కారెక్కిన ఆడది, గాయాల్లేని ఆడది. ఏడవక్కర్లేని వాళ్ళ వరుస అది.

ఇంకొక సంగతి. శ్రీదేవి పుట్టింది 1963 ఆగస్టులో. సినిమా విడుదలనాటికి ఆమెకి పదిహేనేళ్ళు. ఆడపిల్లల పెళ్ళి వయసుని పదిహేను నించి పద్దెనిమిదికి పెంచుతూ శారదా చట్టాన్ని సవరించింది కూడా 1978లోనే. పాత్ర పేరు శారద కావడం కాకతాళీయమే, దాన్నేమీ సాగదీయను. కానీ ఉద్యోగం చేస్తూ, స్వతంత్రంగా నిర్ణయం తీసుకునే యువతిగా మనం నమ్మినావిడ నిజానికి తొమ్మిదో క్లాసో పదో క్లాసో చదవాల్సిన పిల్ల. హాల్లో ఆమెకంటే నేను అయిదారేళ్ళే చిన్న. ఈసారి ఆ పరుగు చూస్తున్నప్పుడు నేను శారదని చూడలేకపోయాను. చీర కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డంపడుతుంటే పరుగెత్తమంటే పరుగెత్తిన పిల్లని చూశాను.

ఈసారి చూసినప్పుడు అక్క కూడా ఉంది. రెండేళ్ళ క్రితం రిటైరైంది, మోకాళ్ళ నొప్పులు. సోఫాలో కాళ్ళు చాపుకుని, మధ్యమధ్యలో ఫోను చూసుకుంటూ చూసింది. ఎక్కడా భయపడలేదు. పిల్లవాడు పొడవమని అరిచినప్పుడు మాత్రం ఫోను పక్కన పెట్టి "ఛీ" అంది.

చివరికి దిలీప్ జైల్లో ఉంటాడు. మతి పోయింది. అన్నీ మరిచిపోయినా శారద పేరు మాత్రం మరిచిపోలేదు. శారద అతన్ని చూడటానికి వస్తుంది, అతని భార్యగానే. తోటలో ఉన్న ఆడవాళ్ళ సంగతి ఇంక ఎవరూ ఎత్తరు. వాళ్ళని తవ్వి తీశారా, ఇళ్ళవాళ్ళకి అప్పగించారా, వాళ్ళకి ఇళ్ళవాళ్ళంటూ ఉన్నారా, ఏమీ తెలియదు. ఇళయరాజా సంగీతం మాత్రం మెత్తబడుతుంది. చిన్నప్పుడు ఇక్కడ మా పిన్ని కళ్ళు తుడుచుకుంది.

అక్క లేచి మోకాలు రాసుకుంటూ వంటింట్లోకి నడిచింది. టీ పెడుతూ అక్కణ్ణించే అడిగింది. "అవునే, ఆ పిల్ల మళ్ళీ షాపులో చేరిందంటావా? జైలుకి రానూ పోనూ బస్సు చార్జీలెవరిస్తున్నారు?"