ఇమిడినదెల్ల పనిచేయునా?

పర్చూరు ప్రాంతపు రేగడి నేలలలో పత్తి, మిరప పండించు రైతుల ఇండ్లలో గోడమీద రెండు విధములైన విద్యుత్ సాకెట్లు కనబడును. చిన్నది 6 ఆంపియర్లకు, పెద్దది 16 ఆంపియర్లకు. నీటి మోటారు పెద్ద ప్లగ్గును ఒక పిల్లవాడు చిన్న సాకెట్టులో పెట్టబోయినచో, లావైన దాని పిన్నులు అందులో దూరనే దూరవు. ఇది భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 1293 చేసిన మేలు. పొరపాటును ఆపుటకు అచట హెచ్చరిక పలక అక్కరలేదు, ఆకారమే ఆపును.

ఈ గీటురాయిమీద మరియొక ప్రమాణమును పరీక్షింతము. బ్యాంకులు, ఆస్పత్రులు తమ లెక్కలను దాచుకొను సర్వరు కంప్యూటర్లలో, తిరుగు పళ్ళెముల డిస్కులకు మారుగా నేడు ఘనస్థితి డ్రైవులు విరివిగా వచ్చినవి. వీనిలో కదలు భాగములు లేవు. సిలికాను గదులలో చిక్కిన ఎలక్ట్రానులే సమాచారమును నిలుపును. పాత సాటా మార్గము సెకనుకు 6 గిగాబిట్లకు మించి మోయజాలదు. అందుచే పిసిఐ ఎక్స్‌ప్రెస్ మార్గములు నాలుగింటిని డ్రైవునకు చేర్చుటకై 68 స్పర్శబిందువులు గల కనెక్టరును రూపొందించిరి. దానికి 2015లో యు.2 అని పేరిడిరి.

పిమ్మట యు.3 వచ్చినది. దాని ఉద్దేశము మెచ్చదగినదే. సాటా, ఎస్.ఎ.ఎస్., ఎన్.వి.ఎం.ఇ. అను మూడు జాతుల డ్రైవులకును ఒకే గూడు, అవే తీగలు సరిపోవలెనని వారి తలంపు. ఇందుకై సంకేతములు నడచు స్పర్శబిందువులను మార్చిరి. కనెక్టరు ఆకారమును మాత్రము మార్చలేదు. ఫలితమేమి? యు.3 డ్రైవు యు.2 గూటిలో పనిచేయును. యు.3కే అమర్చిన గూటిలో యు.2 డ్రైవు చక్కగా ఇముడును గాని యంత్రము దానిని గుర్తింపదు.

ఈ తేడా ప్రమాణ పత్రములో వ్రాసియే యున్నది గదా యని సమర్థింపవచ్చును. కాని ఆ పత్రము చదువువాడు వేరు, డ్రైవును బిగించువాడు వేరు. చిన్న పట్టణపు మెకానిక్కు డ్రైవు చెడినదా, గూడు చెడినదా అని వెదకుచు పూట గడపును. మంచి డ్రైవు చెడ్డదను నిందతో వెనుకకు పోవును. ఆకారము చేయవలసిన పనిని మనిషి జ్ఞాపకశక్తికి వదలివేయుట ఈ ప్రమాణపు అసలు లోపము.

2017లో ఆరంభమైన ఇ.డి.ఎస్.ఎఫ్.ఎఫ్. కృషి ఈ విషయములో మెరుగు. సర్క్యూటు పలక అంచునే కనెక్టరుగా చేసిన ఇ1, ఇ3 రూపములు పాత గూటిలో ఇమడనే ఇమడవు. ఇందును దోషము లేకపోలేదు: ఇ1.ఎస్. ఒక్కదానికే 5.9 మొదలు 25 మిల్లీమీటర్ల వరకు ఐదు మందములున్నవి. అయినను అది కంటికి కనబడు దోషము. స్కేలుతో కొలిచినచో తెలియును. యు.3 దోషము కంటికి కనబడదు.

విశాఖపట్టణములో బృహత్తరమైన డేటా కేంద్రమును నెలకొల్పుదుమని 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ప్రకటించినది. ఇట్టి కేంద్రములలో రేపు డ్రైవులు మార్చువారు నేటి మన విద్యార్థులే కావచ్చును. తరగతిలో ఉపాధ్యాయుడు రెండు ప్లగ్గులను చేతికిచ్చి, అవి ఎందుకు వేరుగా నున్నవో అడిగినచో చాలును. మంచి ప్రమాణమనగా ఏమో బాలురు తామే చెప్పగలరు.